ఎవరూ ఎత్తని పేరు

గురువారం రాత్రి, ఆగస్టు 2006, కడప

ఈసారీ మా ఆయనకు ప్రొఫెసర్ పదవి రాలేదు. కంప్యూటర్ల మీద ఆయన రాసిన పరిశోధన వ్యాసాలు చాలానే ఉన్నా, వేరేవాళ్లెవరూ తమ వ్యాసాల్లో వాటిని ప్రస్తావించలేదని ఇంటర్వ్యూలో అన్నారట.

“రాసినవి శానా ఉండాయి. నా పేరు ఎత్తినోళ్లే లేరంట,” అన్నారు, ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కూర్చుని.

“ముందు ముందు ఎత్తుతారులే,” అన్నాను.

“ఇన్నేండ్లూ నువ్వే ఎత్తకపోతివి. ఇంగ బయటోళ్లు ఎత్తుతారా?” అని నవ్వారు.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. ఆ నవ్వు చూసి ఓర్చుకోలేక వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆయన పేరు పలకబోయాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను.

“ఏం చేస్తాండావు ఆడ?” అని అడిగారు.

గిన్నెలు కడుగుతున్నానన్నాను.