ఆవిడకి ఎండ పడదండి

కొత్తపేట,
సోమవారం.

సోమయాజులు గారికి నమస్కారం.

వచ్చే శనివారం వాడపల్లి దర్శనం చేసుకుని మా ఇంటికి భోజనానికి వస్తామని నిన్న ఫోన్‌లో చెప్పారు. మీ శ్రీమతి గారు మా ఆవిడకి చీర కూడా కొన్నారన్నారు. "ఆయ్, రండి" అన్నాను. చెప్పవలసింది అప్పుడు చెప్పలేక ఇది రాస్తున్నాను.

నా భార్య ఎస్తేరు చనిపోయి పది నెలలైంది. విశాఖలో మా తమ్ముడు నన్ను గోల్ఫ్ మైదానానికి తీసుకొచ్చి మీకు పరిచయం చేసేనాటికే నాలుగు నెలలు. ఏమీ చెప్పవద్దని వాడిని నేనే బతిమాలాను.

ఇక్కడ మా ఊళ్లో నన్ను చూడగానే అందరూ గొంతు తగ్గిస్తారు. మీరు మొదటిరోజే "పాముని కొట్టినట్టు కొట్టకండి మాస్టారూ!" అని నవ్వారు. ఆ రోజు అంత దూరం నడిచాక నాకు ఆకలి వేసింది, నిద్ర పట్టింది. నిజం చెబితే అది పోతుందని భయపడ్డాను. అందుకే "మేడం గారిని తీసుకురారేంటండీ?" అని మీరు అడిగితే "ఆవిడకి ఎండ పడదండి" అన్నాను. అడిగిన ప్రతిసారీ అదే అన్నాను.

ఒకసారి పొదలో నా కర్ర తగిలి బంతి కదిలితే, ఎవరూ చూడకపోయినా నేనే చెప్పి, నాకు నష్టమైనా కార్డులో ఒక దెబ్బ ఎక్కువ వేసుకున్నాను. మాస్టారు అబద్ధం ఆడలేరని మీరు అందరికీ చెప్పారు. ఆ మాట గుర్తొస్తే తల ఎత్తలేకపోతున్నాను.

మీ శ్రీమతి గారికి మీరే చెప్పండి. రాకపోతే తప్పు పట్టను. వస్తే అన్నం, పప్పు నేనే వండుతాను. ఎస్తేరు ఫోటో గుమ్మానికి ఎదురుగానే ఉంది. చీర చేత్తో పట్టుకుని మీ శ్రీమతి గారు అక్కడ ఆగిపోకూడదు.

మీతో ఆడిన మాస్టారు