నీ నంబరుకు వచ్చిన బ్యాకప్ కబురు

తమ్మీ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దసరా గడిచింది. గంజ్ మార్కెట్‌లోని మన పసుపు గోదాము ఆఫీసులో ఎప్పటిలాగే మిషన్లన్నీ ఆపి, బొట్లు పెట్టి పూజ చేశాం. తరువాత అన్నీ ఆన్ చేశాం గానీ, లెక్కల కాపీలు దాచే బ్యాకప్ కంప్యూటర్ మీద పూలదండ ఉందని దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

దాన్ని ఇంకో కంప్యూటర్ నుంచి కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ నువ్వు పెట్టిందే కదా. అది ఓపెన్ సోర్స్ అన్నావు, అంటే ఏమిటని అడిగితే, పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసి కొన్నట్టు అన్నావు. కంప్యూటర్ల గురించి నాకు ఒక్కసారికే అర్థమైన ముక్క అదొక్కటే. పాపం, దసరా నుంచి ఆ సాఫ్ట్‌వేర్ రోజూ నీ నంబరుకే మెసేజ్ పెట్టింది.

నిన్న మీ ఆవిడ గంగమణి నీ ఫోను పట్టుకొని ఆఫీసుకు వచ్చింది.

"బావా, బ్యాకప్ కాలేదని ఇది ఒక్కతీరుగ మొత్తుకుంటున్నది. మీరంతా పండుకున్నరా?"

బ్యాకప్ కంప్యూటర్ ఆన్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్‌లో నీ నంబరు తీసి నాది పెట్టబోయాను.

"ఆయన నంబరు తియ్యకు బావా. ఈ ఫోనుకు ఇప్పుడు గిదొక్కటే వస్తది."

నా నంబరు నీ దాని కింద చేర్చాను. ఆమె వెళ్ళాక తట్టింది, అంతా సరిగ్గా నడిస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికీ ఏమీ పంపదు. చాలాసేపు కుస్తీ పట్టి, బ్యాకప్ అయిన రోజు కూడా నీ నంబరుకు మెసేజ్ వెళ్ళేలా పెట్టాను.

ఈ పొద్దున మొదటిది వెళ్ళింది.