షిప్‌లో వచ్చిన కుక్కపిల్ల

5 ఫిబ్రవరి 1984, ఆదివారం

ఆరాధన అయ్యాక ఆనందబాబు చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపాడు. అల్సేషియన్ పిల్లలు వచ్చాయట, మద్రాస్ నుంచి, షిప్‌లో. జీవరాజన్నా, నీ కోసమని ఒకటి పక్కన పెట్టాను, ఎవరికీ చెప్పకు అన్నాడు.

గరాచర్మలో మా ఇంటి చుట్టూ ఇంకా ఇళ్ళు లేవు. నేను డ్యూటీలో ఉండగా వెనక తలుపు గడియ ఎవరో రెండుసార్లు కదిపారు. మా ఆవిడ జ్ఞానవతి ఆ సంగతి ఒక్కసారే చెప్పింది. అప్పటినుంచి కత్తిపీట దగ్గర పెట్టుకుని కూర్చుంటోంది.

సరే అన్నాను. షిప్‌లో వచ్చిందంటే ఈ దీవుల్లో మనవాళ్ళు ఇంకేమీ అడగరు. నేనూ అడగలేదు.

7 ఫిబ్రవరి

ఆనందబాబు పిల్లను ఇంటికి తెచ్చాడు. నలభై ఐదు రోజులదట. అరచేతిలో పడుతోంది. దాని జాతి పేపర్లు వచ్చే షిప్‌కి వస్తాయట.

భయ్యా, ఇది దొంగను కరుస్తుందా, దొంగే దీన్ని జేబులో వేసుకుపోతాడా అని జ్ఞానవతి అడిగింది. ఆనందబాబు నవ్వాడు. తల్లి ఎక్కడుందన్నాను. మద్రాస్‌లో, పెద్ద కెన్నెల్‌లో, ఫ్యాన్ కింద ఉందన్నాడు.

ఫ్యాన్ సంగతి నేను అడగలేదు.

8 ఫిబ్రవరి

గిన్నెలో పాలు పోస్తే తాగడం లేదు.

9 ఫిబ్రవరి

లెక్క కుదరడం లేదు. చాతం జెట్టీలో ఫెర్రీ టికెట్లు ఇచ్చేవాడికి షిప్పుల తేదీలు నోటికి వస్తాయి. మద్రాస్ షిప్ వచ్చి ఇరవై ఆరు రోజులైంది. మళ్ళీ రాలేదు. బజారులో ఉల్లిపాయలే లేవు.

పిల్ల నిలబడలేక పొట్ట ఈడ్చుకుంటోంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ నోరు తెరిచి చూశాడు. పళ్ళు కూడా రాలేదు, మూడు వారాలు నిండలేదు, తల్లి దగ్గర్నుంచి ఎవరు తీశారు దీన్ని అని హిందీలో చీవాట్లు పెట్టాడు. దూదితో పాలు పిండమన్నాడు. అలా బతకడం కష్టమనీ అన్నాడు.

అంటే షిప్ వచ్చేనాటికి ఇది పుట్టనే లేదు. తల్లి ఇక్కడే ఎక్కడో ఉంది.

10 ఫిబ్రవరి

ఆనందబాబు ఉండేది అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్‌లో. పోయిన వారం ఫెర్రీ దిగినప్పుడు అతని చేతిలో మూతకట్టిన బుట్ట ఉంది. కోళ్ళనుకున్నాను.

చేపలమ్మే కామమ్మ రోజూ అక్కడినుంచే మొదటి ఫెర్రీకి వస్తుంది. ఆమెను అడిగాను. ఆనందబాబు కుక్కా? మా పాక ఎనకే గదా బాబూ, సెక్కపెట్టిలో ఎట్టీసినాడు అంది. ఏడాదికి రెండుసార్లు ఈనతాది, కళ్ళు తెరిసీసరికి పిల్లల్ని బుట్టలో ఎట్టీసి అట్టుకుపోతాడు, అది ఏడిస్తే మాకు నిద్దర నేదు, సేపతలకాయలు నేనే ఏత్తన్నాను అంది. గంప దించి నా మొహంలోకి చూసింది. నువ్వు గానీ ఓ పిల్లని కొనీసినావేటి, టికెట్టు బాబూ అని అడిగింది.

లేదన్నాను.

12 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో కానుక పళ్ళెం ఆనందబాబే తిప్పాడు. నేనూ వేశాను. బయటికి వచ్చాక, తల్లి మీ ఇంట్లోనే ఉందటగా అన్నాను. అతని ముఖం మారలేదు. షిప్ అనకపోతే మనవాళ్ళు కొంటారా, నువ్వే చెప్పన్నా అన్నాడు. దాని అమ్మమ్మ షిప్‌లోనే వచ్చింది, మా నాన్నా షిప్‌లోనే వచ్చాడు, ఇందులో అబద్ధమేముంది అన్నాడు. నచ్చకపోతే పిల్లను తెచ్చివ్వు, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారన్నాడు.

వెనక్కిస్తే రేపే ఇంకొకరికి అంటగడతాడు. ఇవ్వకపోతే ఇది బతకదు. జ్ఞానవతి దూదితో పాలు పిండుతోంది. సగం చెంపల మీదుగా కారిపోతున్నాయి.

13 ఫిబ్రవరి

సెలవు పెట్టి, పిల్లను చొక్కాలో పెట్టుకుని బాంబూఫ్లాట్ వెళ్ళాను.

పెట్టెను రంపం మిల్లులో పారేసిన చెక్కలతో కొట్టారు. తల్లి నిలబడితే వీపు పైచెక్కకు తగులుతోంది. పక్కన పిల్లలేవీ లేవు. రొమ్ములు గట్టిపడి ఉన్నాయి. పిల్లను లోపలికి వదిలాను. తల్లి వాసన చూసింది. తర్వాత పక్కకు ఒరిగి చోటిచ్చింది. పిల్ల ఆపకుండా తాగింది.

తల్లిని కూడా ఇచ్చెయ్యమన్నాను. ఆనందబాబు ఎక్కువసేపు ఆలోచించలేదు. ఇది ఇంకో రెండు ఈతలకి మించి ఈనదు, నువ్వు కాబట్టి ఇస్తున్నానన్నా అన్నాడు. అడిగినంతా ఇచ్చాను. పేపర్లు కావాలా అని కూడా అడిగాడు.

రెండింటినీ ఇంటికి తెచ్చాను. ఏవండీ, ఆ డబ్బుతో అతను చర్చికి బెంచీలు చేయిస్తాడనుకున్నారా అంది జ్ఞానవతి. పిల్ల తాగుతుంటే వదిలి రాలేకపోయానన్నాను. ఆమె తల్లికుక్కకి గంజి కాచింది.

20 ఫిబ్రవరి

పిల్ల నిలబడుతోంది. తల్లిని కట్టెయ్యలేదు. పెరడంతా వదిలేశాం. అది రెండడుగులు వేస్తుంది, గోడ తగిలినట్టు వెనక్కి తిరుగుతుంది. పొద్దున వెనక తలుపు దగ్గర అలికిడైంది. మొరగలేదు. పొయ్యి పక్కన నక్కింది. జ్ఞానవతి కత్తిపీట పట్టుకుని దానికి అడ్డంగా నిలబడిందట. చూస్తే ఎక్కడిదో మేక.

5 మార్చి

నిన్న మద్రాస్ షిప్ వచ్చింది.

ఈ రోజు ఆనందబాబు సాయంత్రం ఫెర్రీకి వచ్చాడు. తాడు చివర ఏడాది నిండని ఆడ అల్సేషియన్. ఇది నిజంగానే షిప్‌లో వచ్చిందన్నా, నువ్విచ్చిన డబ్బుతోనే అన్నాడు. అది నా చెయ్యి నాకింది. తోక ఊపుకుంటూ తనంతట తానే ఫెర్రీ ఎక్కింది.

టికెట్ నేనే ఇచ్చాను.