చింతపండు ఉండలు చేరాయి

నవ్లెట్ అక్కా,

జపానులో నేను కులాసా, దిగులు పెట్టుకోకు. నువ్వు చక్కెర అద్ది జమైకా నుంచి పంపిన చింతపండు ఉండలు భద్రంగా చేరాయి. ఒక్కదాన్నే కూర్చుని తినబుద్ధి కాక, వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు టీచర్ల గదిలో ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టాను. బుద్ధి ఉండొద్దూ నాకు! ఇక్కడ అలా పెడితే ఊరెళ్ళి వచ్చి తినుబండారాలు పంచినట్టే లెక్క; నేనేమో ఇక్కణ్ణుంచి కదల్లేదాయె. ఉప ప్రధానోపాధ్యాయుడు ఇసొగాయి గారు ఉండ బుగ్గన పెట్టుకుని, "వచ్చేశావా తల్లీ! మీ అక్క ఎలా ఉంది?" అన్నారు. ఆయన సంబరం చూసి కాదనలేక, "కాస్త ఒళ్ళు చేసిందండీ" అనేశాను.

అక్కడితో ఆగిందా? ఇంగ్లీషు టీచరు కురమోచి గారు తరగతిలో, "సెలవుల్లో ఏం చేశారో మీరు చెప్పండి, పిల్లలు మీ వెనకాల అంటారు" అన్నారు. పిల్లల చేత ఇంగ్లీషు పలికించడమే నా ఉద్యోగం కదా.

"మా ఇంటికి వెళ్ళాను" అన్నాను. తరగతంతా ఒక్క గొంతుతో, "మా ఇంటికి వెళ్ళాను" అంది.

"మా అక్కను చూశాను."

"మా అక్కను చూశాను."

ఆ తర్వాత నేను పుస్తకం తీసి పేజీలు తిప్పాను. పిల్లలు మాత్రం నా నోటి వంకే చూస్తూ నిలబడ్డారు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పెరట్లో ఆకీ చెట్టు కాసిందా? కాసిందనే చెప్పేశాను ఇక్కడ. పిల్లలకు నా ముద్దులు. దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

ఇక ఉండలు పంపకక్కా. చేసి ఉంచు.

నీ చెల్లి,
షెర్నెట్