ఉప్పు వేస్తే వదిలేస్తున్న రంగు

జూన్ 3
ఒళ్ళు మండిపోతోంది. ఉప్పు వేస్తే డీఎన్‌ఏకు పట్టిన రంగు వదిలేస్తోందని చెప్పానంతే. ల్యాబ్‌లో అందరి ముందూ సార్ — నా గైడ్, నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మహానుభావుడు — నవ్వుతూ, "ఉప్పేస్తే రంగు ఊడుతదా? మీ నాయినను అడుగు పో." నాన్న కొత్తవాడలో నూలుకు రంగులు వేస్తాడు. ఆ సంగతి సార్‌కు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

జూన్ 4
నిజమే, ఇంట్లో తొట్టిలో ఉప్పు పోస్తేనే రంగు నూలుకు పడుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే, డీఎన్‌ఏకు పట్టిన నీలిరంగు ఉప్పునీళ్ళలోనూ గట్టిగా ఉంటుందని సార్ అచ్చు వేయించిన రీసెర్చ్ పేపర్లో చదివి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బుద్ధి లేదు నాకు. డీఎన్‌ఏది రుణావేశం, ఈ రంగుది ధనావేశం. ఆ ఆకర్షణతోనే అంటుకుంటుంది. మధ్యలో ఉప్పు దూరితే పట్టు సడలుతుంది… నూలు కాదు కదా ఇది.

జూన్ 7
మళ్ళీ చేశా. కొత్త ఉప్పు, కొత్త డీఎన్‌ఏ. ఉప్పు పెంచేకొద్దీ రంగు వదిలేస్తోంది.

జూన్ 8
ఇవాళా అదే. సార్ మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుంటే హాయిగా ఉంది.

జూన్ 10
గ్రాఫ్ చూపించాను. సరిగ్గా చూడనైనా లేదు. "నీ చేతిల ఏదో తేడా ఉందమ్మా." మీరే ఒకసారి చేసి చూడండి సార్, అన్నా. గ్రాఫ్ నా వైపు తోసేశాడు. తరువాత మెల్లగా — "ఉప్పు ఎక్కువున్న పాయింట్లు తీసెయ్. గ్రాఫ్ నీట్‌గ వస్తది. సోమవారం సంతకం పెడ్త."
అమ్మా అట!

జూన్ 11
పక్క బల్ల కిరణ్ — "సార్ పేపర్ తప్పని రాసి, సార్‌తోనే సంతకం పెట్టిస్తవా? జర సోచాయించు." ఆలోచించాలట! వాడి గ్రాఫులన్నీ నీట్‌గానే ఉంటాయి. ఇక వాడితో మాట్లాడను.

జూన్ 13
ఇంటికి వెళ్ళా. నాన్న చేతులు మోచేతుల దాకా ఎర్రగా. "ఎప్పుడైతది బిడ్డా నీ సదువు? మంది అడుగుతాండ్రు." సోమవారం, అనేశాను. ఎందుకన్నానో! వెంటనే అమ్మకు కేక — "ఇన్నవా, సోమవారం అయిపోతదట!" ఆ సంతోషం చూసి ఆయన మీద కూడా కోపమొచ్చింది.

జూన్ 14
పాయింట్లు తీసేసి చూశా. నిజంగానే నీట్‌గా ఉంది. అసహ్యం వేసింది. మళ్ళీ పెట్టా.

జూన్ 15, సోమవారం
సార్ గది బయట బెంచీ. చేతిలో పూర్తి గ్రాఫే… అన్ని పాయింట్లతో. నాన్న ఫోన్ చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు. లోపలి నుంచి — "వచ్చినవా అమ్మా? తీసుకరా, పెన్ను నా తాననే ఉంది."