అన్నా, నీ కోడ్ తీసేశాం

జోసెఫన్నా,

ఆగిరిపల్లి తోటల్లో రసాల కోతలు మొదలయ్యాయి. నువ్వు లేకుండా ఇది రెండో మామిడికాలం.

మనిద్దరం నూజివీడులో మొదలుపెట్టిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్లో దిద్దుతున్నారు. మొన్న లావణ్య అనే కొత్తమ్మాయి నువ్వు రాసిన భాగం తీసేయాలంటూ, "ఈ చెత్త ఎవరు రాశారు?" అని అందరికీ కనబడేలా పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ఘాటుగా జవాబు టైపు చేశాను కూడా.

మీ తోటలో చెట్టు కొట్టించేముందు, అదక్కడ ఎందుకు నాటారో మీ నాన్నగారు నీచేత చెప్పించేవారట కదా. మన కోడ్‌ను తిట్టినవాళ్లనూ నువ్వు అదే అడిగేవాడివి. నా జవాబు చెరిపేసి నీ మాటే పెట్టాను: "తీసేద్దామండీ. ముందు అదెందుకు పెట్టారో మీరే రాయండి."

ఇవాళ రాసింది. "పాత ఫోన్లలో ఒత్తులు విడిపోకుండా పెట్టారండీ. చాలా కష్టపడ్డారు. ఇప్పుడా ఫోన్లు ఎవరూ వాడట్లేదు. చెత్త అన్నందుకు సారీ అండీ."

నీ కోడ్ గురించి అంత బాగా నేనూ చెప్పలేనన్నా. ఆమె చెప్పింది నిజమే, దాని పని అయిపోయింది.

తీసేసే బటన్ నేనే నొక్కాను. నొక్కేముందు కాసేపు ఆగాను. నువ్వయితే ఆగేవాడివి కాదు.

నీ రాజు