క్లాండాల్కిన్ నీళ్ల రుచి

క్లాండాల్కిన్

తేజేశ్వర్ గారికి దేవకుమారి ప్రభువు పేరిట వందనాలు.

ఫోనులో చెబితే మా ఇంట్లోవాళ్లు విని నవ్వుతారని చివరికి కలం పట్టాను. మీరు నీళ్లు పరీక్షిస్తారని మా సంఘంలో మనస్విని చెప్పింది. సీసాలో మా కుళాయి నీళ్లు పంపుతున్నాను. క్లాండాల్కిన్‌లో ఈ ఇంటికి మారినప్పటి నుంచి ఎంత కాచినా గింజ మెత్తబడడం లేదు. మొన్న ఆరాధన తరువాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో అందరికీ పళ్ల కింద తగిలింది. ఈసారీ అలాగే అయితే విందుకు కాచే పని మా సంఘంలోని హెలెన్ గారికి ఇచ్చేస్తారు.

మీ మేలు కోరే
దేవకుమారి

తా.క. కాచేది ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. పెళ్లయినప్పటి నుంచి చేస్తున్నదే.

కార్లో

దేవకుమారి ఆంటీకి నమస్కారం.

నన్ను మీరు అనకండి. ఇక్కడ కార్లోలో మా కాలేజీ ల్యాబులో పరీక్షిస్తే మీ నీళ్లలో సున్నం బాగా ఎక్కువని తేలింది. ముందు నీళ్లు మరిగించి చల్లార్చండి. తెల్లపొడి అడుగుకు దిగాక పైతేట వాడండి. ఇంట్లో కాచుకోవడానికి సిగ్గెందుకు ఆంటీ? మా ప్రొఫెసర్లే కాస్తారు. ఏ రంగుది, ఎన్ని లీటర్లు, ఎవరి కోసం?

తేజేశ్వర్,
బ్రూయింగ్ విద్యార్థి

తా.క. చర్చిలో ఒప్పుకుంటారా?

క్లాండాల్కిన్

బాబూ తేజేశ్వర్,

బ్రూయింగ్ అంటే టీ గురించిన చదువేమో, మంచిదే. నువ్వు చెప్పినట్టు చేస్తే గింజ వెన్నలా అయింది. రంగు పసుపుపచ్చగా, కాస్త చిక్కగా ఉండాలి. ఇరవై లీటర్లు. ఆరాధన కాగానే ముందు పిల్లలకు, తరువాత పాస్టరుగారికి.

దీవెనలతో
దేవకుమారి

తా.క. ఒప్పుకోవడమేమిటి? పాస్టరుగారు మళ్లీ మళ్లీ అడిగి పోయించుకుంటారు.

కార్లో

ఆంటీ,

పిల్లలకు మాత్రం వద్దు! గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, వస్తారు. పైగా అంత సున్నం నీళ్లలో పసుపు బీరు రుచి చెడుతుంది. నల్లబీరే కుదురుతుంది. మాడ్చిన బార్లీలోని పులుపు సున్నాన్ని సరిచేస్తుంది. మీలాంటి నీళ్లతోనే నేను కాచిన నల్లబీరు ఒక పెద్ద బాటిలు కొరియరులో పంపాను. పైన "మీ నీళ్లకు తగినది" అని చీటీ అంటించాను.

మీ తేజేశ్వర్

తా.క. ఆ పాస్టరుగారి సంఘంలో చేరాలంటే ఏం చేయాలి?

క్లాండాల్కిన్

బాబూ,

నీ పార్సిలు శనివారం వచ్చింది. ఉత్తరం సోమవారం వచ్చింది. మధ్యలో ఆదివారం ఉంది.

నేను కాచేది పప్పుచారు నాయనా! నువ్వు మొదట చెప్పింది పనిచేసింది కదా అని, ఇదీ నీళ్ల మందే అనుకొని బాటిలంతా గిన్నెలో పోశాను. నురగ పొంగితే గరిటెతో తీసి గంటసేపు తెర్లించాను. రంగు ముదిరింది. హెలెన్ గారు రెండోసారి పోయించుకొని, "ఏం వేశావు దేవకుమారీ?" అన్నారు. "అంతా నీళ్లలోనే ఉందండీ" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

నీ ఉత్తరం చదవగానే మోకరించాను. లేచేసరికి నవ్వొచ్చింది. ప్రభువూ నవ్వుకొని ఉంటాడు.

నీ ఆంటీ
దేవకుమారి

తా.క. క్రిస్మసు విందు కూడా నాకే అప్పగించారు. అచ్చం అదే రుచి రావాలట, పాస్టరుగారి మాట. ఏం చేయాలో ప్రార్థన చేసి రాయి. ఈ ఉత్తరాలు మాత్రం దాచిపెట్టు బాబూ, ఎవరికీ చూపకు.